ఒకే గడిలో ఇమడని పిల్లలు: గల్ఫ్ తెలుగు విద్యార్థుల, తల్లిదండ్రుల ప్రణాళిక

ప్రవాస విద్యార్థుల సమస్యలపై ఒక ప్రవాస సంఘం ఇటీవల జరిపిన చర్చలో గల్ఫ్ బడుల పిల్లల అంశాన్ని చివరి నిమిషంలో తొలగించి, ‘ఎన్‌ఆర్‌ఐలకు ఫీజుల బాధ ఏమిటి’ అన్న ఒక్క మాటతో తల్లిదండ్రులను వేదిక కిందనే ఆపివేసినందుకు నిరసనగా ఈ ప్రణాళిక వెలువడుతున్నది. దీనిపై సంతకాలు చేసినవారు షార్జా, కువైట్, రియాద్, దోహా నగరాలలో పనిచేసే డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్కులు, నర్సులు, దుకాణాల గుమస్తాలు, వారి పిల్లలు. ఆ ప్రశ్నకు వేదికపై దక్కని జవాబును వారు ఇక్కడ రాతపూర్వకంగా ఇస్తున్నారు.

ఎన్‌ఆర్‌ఐ అన్నది నివాసాన్ని తెలిపే మాటే తప్ప సంపదను తెలిపే మాట కాదు. మనిషి ఏడాదిలో ఎన్ని రోజులు దేశంలో లేడో అది చెబుతుంది; ఆ రోజులు అతడు ఎక్కడ పడుకున్నాడో చెప్పదు. అయినా కళాశాల ప్రవేశ దరఖాస్తులో ఎన్‌ఆర్‌ఐ గడి నిండగానే డాలస్‌లో సొంత ఇంట పెరిగిన బిడ్డ, షార్జాలో ‘పార్టిషన్’లో, అంటే ఒకే గదిని చెక్కలతో విడదీసి అద్దెకిచ్చే భాగంలో పెరిగిన బిడ్డ ఒకే తరగతికి చెందినవారైపోతున్నారు. ఆ పార్టిషన్‌లో రెండంతస్తుల మంచం పైభాగం పిల్లల పడక, కిందిభాగం వారి చదువుల బల్ల. టర్మ్ ఫీజు బాకీ పడితే మార్కుల కార్డు బడి కార్యాలయంలోనే ఉండిపోతుంది.

కుటుంబాన్ని తెచ్చుకోగలిగినవాడు కలిగినవాడేనన్న వాదన కూడా నిలవదు. యూఏఈలో 4,000 దిర్హాములు, లేదా వసతితో కలిపి 3,000 దిర్హాముల జీతం ఉంటే కుటుంబ వీసాకు అర్హత వస్తుంది. ఆ గీటును అంచుమీద దాటినవారి పిల్లలే ఈ సంతకందారులలో ఎక్కువ. సౌదీలో 2017 జూలైలో ఆశ్రితుల రుసుము, అంటే కుటుంబ సభ్యులలో ఒక్కొక్కరిపై వసూలు చేసే సుంకం, నెలకు 100 రియాళ్లతో మొదలై 2020 జూలై నాటికి 400 రియాళ్లకు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న కార్మికుడికి అది ఏడాదికి 14,400 రియాళ్లు. అకామా, అంటే నివాస అనుమతి, పునరుద్ధరణకు అది కట్టలేని కుటుంబాలు ‘ఫైనల్ ఎగ్జిట్’ వేయించుకుని, పిల్లలను బడి మధ్యలోనే మాన్పించి, జగిత్యాలకో రాజంపేటకో తిరిగివచ్చాయి.

అలా వచ్చిన బిడ్డను కళాశాల ప్రవేశాలలో సొంత జిల్లా స్థానికేతరుడంటున్నది. రాజ్యాంగం 371డి అధికరణం కింద వెలువడిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి నేటి తెలంగాణ వైద్యవిద్యా ప్రవేశ నిబంధనల దాకా స్థానికతకు ప్రధానమైన కొలత అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ల చదువు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాలు ఎందుకు జరిగాయో ఎరిగినవారెవరూ ఆ కొలతను తుడిచివేయమని అడగరు, ఈ సంతకందారులూ అడగడం లేదు. అయితే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించిన ఆ తెలంగాణ నిబంధనలలోనే, రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసిన ప్రభుత్వోద్యోగుల, అఖిల భారత సర్వీసుల అధికారుల, సైనికుల పిల్లలకు మినహాయింపు ఉన్నది. బదిలీ ఉత్తర్వు మీద ఊరు దాటిన తండ్రి బిడ్డ స్థానికుడు; అప్పు తీర్చడానికి ఊరు దాటిన తండ్రి బిడ్డ పరాయివాడు. ఈ తేడాకు సమర్థన లేదు.

కనుక ఈ ప్రణాళిక కోరేది ముఖ్యంగా ఒక్కటే: నిర్ణీత ఆదాయానికి లోబడిన గల్ఫ్ కార్మికుల పిల్లల విదేశీ చదువు కాలాన్ని తల్లిదండ్రుల స్వజిల్లాలో చదివిన కాలంగా లెక్కించాలి. సంపన్నులు ఇందులో దూరుతారన్న భయానికి ఆధారం లేదు. గల్ఫ్ దేశాలలో కార్మికుల వేతనం చాలావరకు బ్యాంకు ద్వారానే చెల్లుతుంది గనుక ఆదాయం దాగదు, అకామాపై వృత్తి అచ్చై ఉంటుంది, ఊళ్లో రేషన్ కార్డు ఉండనే ఉంటుంది. ప్రవాసులలో ఈ విభజన కొత్తదీ కాదు. వరంగల్ వంటి ఎన్‌ఐటీలలో విదేశాల్లో చదివినవారికి నేరుగా ప్రవేశం కల్పించే ‘దాసా’ పథకం గల్ఫ్ కార్మికుల పిల్లలను వేరు వర్గంగా గుర్తించి, స్వదేశీ విద్యార్థుల బోధనా రుసుమునే వసూలు చేస్తున్నది. కేంద్రం ఇంజనీరింగులో చూడగలిగిన పేదరికం రాష్ట్రాలకు వైద్యవిద్యలో కనిపించకపోవడం క్షమించరానిది.

ప్రైవేటు వైద్య కళాశాలల ఎన్‌ఆర్‌ఐ సీట్లే వీరికి దారి అని చెప్పేవారు ఆ సీట్ల ధర తెలిసే చెబుతున్నారు. ఇనాందార్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ వాటాను 15 శాతం మించకుండా, నిజమైన ప్రవాసులకే అనుమతించింది. దూరపు బంధువుల పేరిట దానిని విస్తరించబోయిన పంజాబ్ ప్రయత్నాన్ని 2024లో మోసమన్నది. డబ్బుంటే ప్రవాసి కానివాడూ ప్రవాసిగా దక్కించుకోజూస్తున్న ఆ సీటు, నిజమైన ప్రవాస కార్మికుడి బిడ్డకు దరఖాస్తు దశలోనే అందకుండా పోతున్నది.

చెమట పంపిన సొమ్ముతో కరీంనగర్, కడప పల్లెల్లో ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లు జరిగాయి, బ్యాంకులు నిండాయి. ఆ సొమ్ము స్థానికమైనప్పుడు దానిని పంపినవారి సంతానమూ స్థానికమే. ప్రవాసం ఒక్కటి కాదు. పేదరికానికి పాస్‌పోర్టు వస్తే సంపద కాదు. ఇకపై ప్రవాస తెలుగువారి పేరుతో ఎవరు విజ్ఞప్తి సమర్పించినా, గల్ఫ్ కార్మిక కుటుంబాల సంతకం లేనిదే దానిని సంపూర్ణమైనదిగా ఈ సంతకందారులు అంగీకరించరు.

గల్ఫ్‌లోని భారతీయ బడులలో ఈ ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన తెలుగు పిల్లల స్థానికత ఆ నెల నుంచే తరిగిపోతున్నది. వారి తల్లిదండ్రులు ఆలస్యం చేయక ఈ ప్రణాళికపై సంతకం చేయవలసిందిగా విజ్ఞప్తి.