గలాథియా తీరాన ఐరోపా పాత తప్పు

రేవు కడితే ఓడలు వాటంతటవే వస్తాయన్నది ఆర్థిక విధానం కాదు, జూదం. ఆ జూదంలో ఐరోపా ఇప్పటికే చేతులు కాల్చుకున్నది. స్పెయిన్‌లోని సియుదాద్ రియల్ విమానాశ్రయానికి వంద కోట్ల యూరోలకు పైగా వెచ్చించారు. ప్రయాణికులు లేక 2012లో అది మూతబడింది. దానికి దన్నుగా నిలిచిన ప్రాంతీయ పొదుపు బ్యాంకును 2009లోనే ఆ దేశపు కేంద్ర బ్యాంకు తన అధీనంలోకి తీసుకోవలసి వచ్చింది.

గ్రేట్ నికోబార్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, టౌన్‌షిప్‌లకు తొలి అంచనాయే 72,000 కోట్ల రూపాయలు. ఇందుకు బలయ్యేది సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. దానికి పరిహారంగా మొక్కలు నాటేది ఎక్కడో హర్యానాలోనట!

మన ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో నాలుగింట మూడొంతులు కొలంబో, సింగపూర్ వంటి విదేశీ రేవుల మీదుగా సాగుతున్నదన్నది ప్రభుత్వ వాదన. నష్టం నిజమే. మందు మాత్రం అది కాదు. 2011లో వల్లార్‌పాడం టెర్మినల్‌ను ప్రారంభించినప్పుడూ ఇదే ఆశ చూపారు. కొలంబో స్థానం చెక్కుచెదరలేదు. 2025 మేలో జాతికి అంకితమైన విళింజం ప్రధాన భూభాగంపైనే ఉన్నది. గ్రేట్ నికోబార్‌కు రైలు లేదు, కర్మాగారం లేదు, వెనుక మార్కెట్ లేదు. నౌకా సంస్థలు పటం చూసి రేవును ఎంచుకోవు. రుసుములు, ఒప్పందాలు, అనుబంధ నౌకల రాకపోకలు చూసి ఎంచుకుంటాయి. ఈ దీవులను పట్టుకుని వేలాడిన డెన్మార్క్ సైతం చివరకు 1868లో బ్రిటిష్ వారికి అమ్ముకుని వెళ్ళిపోయింది.

దేశ రక్షణ కోసమంటారా? క్యాంప్‌బెల్ బేలో 2012 నుంచి నౌకాదళ స్థావరం ఉన్నది. దానిని బలపరచడానికి రక్షణ బడ్జెట్ చాలు. లక్షల మందికి టౌన్‌షిప్ ఎందుకు? వాణిజ్యాన్ని ప్రశ్నిస్తే రక్షణను, రక్షణను ప్రశ్నిస్తే వాణిజ్యాన్ని అడ్డుపెట్టడం జవాబు కాదు.

2004 సునామీ నాటి భూకంపానికి ఇందిరా పాయింట్ దాదాపు నాలుగు మీటర్లు కుంగింది. ఆ విపత్తులో ఊళ్ళు కోల్పోయిన నికోబారీలు నేటికీ సొంత నేలకు తిరిగి వెళ్ళాలని కోరుతున్నారు. వారి గిరిజన మండలి తానిచ్చిన సమ్మతిని 2022 నవంబరులో వెనక్కి తీసుకుంది. ఆ నెలలోనే పర్యావరణ అనుమతి వచ్చింది!

నౌకా సంస్థల నుంచి కట్టుబాటు ఒప్పందాలు చూపి, లాభనష్టాల లెక్కను పార్లమెంటు ముందు పెట్టాకే గొడ్డలి ఎత్తాలి. ఓడలు రాకపోతే రేవును మూసేయవచ్చు. నరికిన అడవిని తెరవలేరు.