పొరుగూరికి చెప్పని లెక్కలు

దామరచర్ల పక్కన గణేశ్‌పహాడ్ సిమెంటు ఫ్యాక్టరీ మొన్నటిదాకా పెన్నా సిమెంట్‌ది. షేర్ మార్కెట్లో లేని కంపెనీ. 2021లో రూ.1,550 కోట్ల పబ్లిక్ ఇష్యూకు వెళ్దామని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ముసాయిదా పత్రం ఇచ్చింది. అప్పులెంత, కోర్టు కేసులెన్ని, గనుల లీజు ఎప్పటిదాకా అన్నవి అలాంటి పత్రంలో రాయాల్సిందే. జనం డబ్బు కావాలంటే గుట్టు విప్పక తప్పదు. ఆ ఇష్యూ రాలేదు. 2024లో అంబుజా సిమెంట్స్ కొనేసింది. ఇప్పుడు పెన్నా లెక్కలు ఒక లిస్టెడ్ కంపెనీ లెక్కల్లో భాగం.

వెబ్‌సైట్‌లో కంపెనీ ఎంత చెబుతుందన్నది యజమాని మంచితనాన్ని బట్టి ఉండదు. ఎవరికి జవాబు చెప్పుకోవాలన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్ద కంపెనీలు, లిస్టయినవి ఎక్కువ చెబుతాయని చాలా దేశాల్లో పరిశోధకులు గమనించారు. మన మఠంపల్లి, మేళ్లచెరువు వైపు చూసినా అంతే. సాగర్ సిమెంట్స్, ఎన్‌సీఎల్, డెక్కన్, కాకతీయ లిస్టెడ్ కంపెనీలు. వాటాలు ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయో, మూడు నెలల ఫలితాలేమిటో సైట్‌లో పెట్టాలని 2015 నాటి సెబీ నిబంధన. మై హోం ఇండస్ట్రీస్ లిస్టు కాలేదు కాబట్టి ఆ నిబంధన దానికి వర్తించదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో చాలావాటికి అసలు సైటే ఉండదు. క్వింటా ప్రభుత్వ ధాన్యానికి 67, 68 కిలోల బియ్యం తిరిగివ్వాల్సిన మిల్లు ఎంత ఇచ్చిందో, ఎంత బాకీ ఉందో జనానికి మిల్లు చెప్పదు. చెప్పమని అడిగే వాటాదారూ లేడు.

వాటాదారుకు చెప్పినంత మాత్రాన నిజం చెప్పినట్టూ కాదు. సత్యం కంప్యూటర్స్ ఏటా నిండైన నివేదికలు ఇచ్చింది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చాక తేలింది, రూ.5,040 కోట్ల నగదు లేనే లేదని. ఎక్కడో ఉన్న మదుపరి బ్యాంకు నిల్వను సరిచూడలేడు. ఫ్యాక్టరీ పక్క ఊరివాడు మాత్రం దుమ్మును, బ్లాస్టింగ్‌ను, బోరులో నీళ్లను తన కళ్లతో సరిచూడగలడు. అతనికి చేరే కాగితమే తక్కువ.

పర్యావరణ అనుమతి పొందిన కంపెనీ ఆ అనుమతి షరతులను ఎలా పాటిస్తోందో ఆర్నెల్లకోసారి నివేదిక ఇవ్వాలి. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం అది బహిరంగ పత్రమే. తెరిస్తే ఎడమవైపు షరతు, కుడివైపు ‘పాటిస్తున్నాం’ అన్న జవాబు, వెనక గాలి పరీక్షల పట్టికలు. అంతా ఇంగ్లిషే. అదే కంపెనీ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చినప్పుడు సారాంశం తెలుగులో ఇస్తుంది, ఇవ్వాలని అదే నోటిఫికేషన్ చెప్పింది కాబట్టి. మన సమ్మతి కావాల్సిన రోజున తెలుగు వచ్చిన కంపెనీకి, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి ఎందుకు రాదు?

కృష్ణలోంచి ఎంత నీరు తోడారు, ఏ నెలలో దుమ్ము ఎంత, సామాజిక బాధ్యత (సీఎస్సార్) డబ్బు ఏ ఊళ్లో దేనికి ఖర్చయింది అన్నవి రెండు పేజీల్లో తెలుగులో రాసి సైట్‌లోనూ, పంచాయతీ ఆఫీసు గోడమీదా పెట్టాలి. దీన్ని అనుమతి షరతుల్లోనే చేర్చాలి. మనవైపు ఏ ఫ్యాక్టరీ విస్తరణకు మళ్లీ సభ పెట్టినా ఊరివాళ్లు ఉద్యోగాలతోపాటు ఈ రెండు పేజీలనూ అడగాలి. సభలో వచ్చిన అభ్యంతరాలన్నీ రాసుకుని, చివర్లో తెలుగులో చదివి వినిపించాల్సిన బాధ్యత అధికారులదే. ఈ డిమాండ్ అందులో ఉందో లేదో విన్నాకే అక్కణ్నుంచి లేవాలి.