కిక్రి శ్రుతి తప్పలేదు, సెట్టింగ్ మార్చు

తమ్మీ, చెల్లే! దండారి పాటలకు, థింసా అడుగులకు బీట్ వేసి పెడుతున్న మీ అందరికీ ఈ మాట. సింథ్ ఓపెన్ చేయంగనే ప్రీసెట్‌ల దగ్గరికి ఉరుకుతున్నరు. ఒక్కసారి ఆగి "గ్లోబల్" అని రాసి ఉండే పేజీ తెరిచి చూడండి. ఏ స్వరం = 440 హెర్ట్జ్ అని ఉంటది. దాని కింద స్కేల్: పన్నెండు సమాన భాగాలు, ఒక్కో మెట్టు 100 సెంట్లు. ఎవరూ మిమ్మల్ని అడగలేదు. ముందే నింపి పెట్టి ఉంది.

ఈ 440 ప్రకృతి ధర్మమేం కాదు. 1939లో లండన్‌లో కూర్చుని సిఫారసు చేసుకున్నరు, 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణం చేసింది. 1983లో మిడి వచ్చింది, అందులో 69వ నంబరు స్వరం అంటే 440 అని ఖాయమైంది. అది వాళ్ల ఆర్కెస్ట్రాలకు, వాళ్ల పియానోలకు కావాలె, పెట్టుకున్నరు. దాంతో మనకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ గీతలు పెట్టి మన పెద్దల గొంతును కొలిచి "శ్రుతి తప్పింది" అని తేల్చే కాడ.

కిక్రి మీద మెట్లు లేవు. ప్రధాన్ పెద్దాయన కమాను లాగుతూ వేలు ఎక్కడ ఆపితే అదే స్వరం. ఆ వేలు ఆయన గొంతును అనుసరిస్తది, గొంతు కథను అనుసరిస్తది. పెప్రె ఊదేటాయన ఊపిరి బిగిస్తే స్వరం కొద్దిగ లేస్తది, వదిలితే దిగుతది. ఈ ఎక్కుడు దిగుడులోనే పాట ఉంది. స్టూడియోల ఏం చేస్తున్నరు? గొంతుకు ఆటోట్యూన్ తగిలించి, మేజర్ స్కేల్ పెట్టి, స్పీడ్ మొత్తం పెంచుతున్నరు. వేలు ఆగిన చోటు పోయింది, పక్క మెట్టు మీద కూర్చోబెట్టిన్రు. దాన్ని "క్లీన్ చేసినం" అంటున్నరు. మురికి ఎక్కడుండె మరి?

ఇంకో సంగతి చూడండి. హార్మోనియం మెట్ల మీద మన దేశపు స్వరాలు సరిగ పలకవని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. అంటే శాస్త్రీయ సంగీతంలో మెట్టుకు మెట్టుకు మధ్య స్వరం ఉంటే అది శాస్త్రం, దాని కోసం ప్రభుత్వ రేడియోనే కదులుతది. అదే స్వరం కొలాం అవ్వ పాడితే తప్పు, సాఫ్ట్‌వేర్‌తో దిద్దాలె! 1991 నాటి జనరల్ మిడి జాబితా కూడ చూడండి. 128 వాద్యాలు. పియానోలకు ఎనిమిది గళ్లు, గిటార్లకు ఎనిమిది. "ఎత్నిక్" అనే ఎనిమిది గళ్లలో సితార్, బాంజో, షామిసెన్, కోటో, కలింబా, బ్యాగ్‌పైప్, ఫిడిల్, షెహనాయి. ఇన్ని ఖండాలు ఒక్క గోనె సంచిలో కుక్కిన్రు.

అయితే సింథ్‌ను పారేయమంటలేను. పనిముట్టు మనది కూడ. చేతిలోకి తీసుకోవాలె.

440ని 432 చేస్తే మహిమ జరుగుతదని కొందరు వీడియోలు చేస్తున్నరు, నమ్మకండి. నిచ్చెన మొత్తం సుమారు 32 సెంట్లు కిందికి జరుగుతది అంతే, మెట్ల మధ్య దూరం అట్లనే ఉంటది. మార్చాల్సింది మెట్లను. సర్జ్ ఎక్స్‌టీ ఉచితం, దాని కోడ్ కూడ బహిరంగం. అది స్కాలా ఫైల్ తీసుకుంటది. స్కాలా ఫైల్ అంటే నోట్‌ప్యాడ్‌లో రాసే మామూలు టెక్స్ట్: మొదటి వరుసలో పేరు, రెండో వరుసలో ఎన్ని స్వరాలో ఆ సంఖ్య, తర్వాత వరుసకు ఒక్క స్వరం, సెంట్లలో. సెంట్ల అంకెలో చుక్క తప్పనిసరి, లేకుంటే దాన్ని నిష్పత్తిగా చదువుకుంటది. ఆధార స్వరం రాయనక్కర్లేదు, చివరి వరుస 1200.0. ఏ కీ ఎంత హెర్ట్జ్ పలకాలో ఇంకో చిన్న ఫైల్‌లో చెప్పొచ్చు, అక్కడ పెద్దాయన గొంతు ఎత్తు పెట్టండి. అరబ్ స్వరాల కోసం పోరాడి ఖయ్యామ్ అల్లామి 2021లో లైమా, అపోటమీ అనే ఉచిత పనిముట్లు తెచ్చిండు. బ్రౌజర్‌లోనే నడుస్తయి, చూసి నేర్చుకోండి.

తర్వాత వాయిస్ సెట్టింగ్‌లు. పాలీ తీసేసి మోనో పెట్టండి, లెగాటో ఆన్ చేయండి. అప్పుడు ఒక కీ వదలకముందే ఇంకోటి నొక్కితే ధ్వని మళ్లీ మొదటి నుంచి కొట్టదు, కమాను ఆగనట్టు జారుతది. గ్లైడ్ కొద్దిగ ఇవ్వండి, ఎక్కువైతే సినిమా దయ్యం వస్తది. పిచ్ బెండ్ మామూలుగ రెండు సెమిటోన్లే ఉంటది, మీ చేతికి చాలదనిపిస్తే పెంచండి. యూనిజన్ మాత్రం నాకు నచ్చదు. ఒకే గొంతును ఎనిమిది కాపీలు చేసి కొంచెం కొంచెం జరిపితే థింసా ఆడోళ్ల వరుస కాదు. ఆ వరుసలో ఒకామె ముందు ఎత్తుకుంటది, ఒకామె ఊపిరికి ఆగుతది. మనుషులు కావాలంటే మనుషులనే రికార్డ్ చేయండి.

ఫైల్ తయారు చేసేటప్పుడు ఒక్క పెద్దాయనను కొలిచి "ఇదే గోండు స్కేల్" అని ముద్ర వేయకండి. అట్ల చేస్తే లండన్‌లో వాళ్లు చేసిందే మనమూ చేసినట్టు. పక్క ఊరి కిక్రి వేరే పలుకుతది, పలకనీయండి. ఫైల్ పేరులో ఊరు రాయండి, వాయించినాయన ఒప్పుకుంటే ఆయన పేరు, తేదీ రాయండి. ఆ ధ్వనితో శాంపిల్ ప్యాక్ చేసి అమ్ముతమని ఎవరన్న వస్తే, పైసలు ఎవరి చేతికి పోతయో కాగితం మీద రాయించుకునే దాకా రికార్డింగ్ ఇయ్యకండి. దీపావళికి ముందు దండారి దిగుతది. ట్యూనర్ యాప్, ఫోన్, ఎక్స్‌ట్రా బ్యాటరీ పట్టుకుని పోండి. పెద్దల అనుమతి తీసుకోండి, గుసాడి అడుగుల కన్న ముందు కిక్రి పక్కన కూర్చోండి.