తారిఖ్ ప్రసంగాలలో వినిపించని పేరు

తారిఖ్ సూరా వ్యాఖ్యానం జరిగే సభలలో 'పల్సార్' అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. రాత్రివేళ వచ్చి తలుపు తట్టేవాడు అనే అర్థం ఇచ్చే ఆ పదానికీ, గడియారంలా క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే నక్షత్రాలకూ కొందరు ఉపన్యాసకులు సంబంధం చూపుతున్నారు. దివ్యగ్రంథపు భావాన్ని మారుతూ ఉండే సిద్ధాంతాలకు ముడివేయడంలో తొందర తగదని మా అభిప్రాయం. అదలా ఉంచుదాం. ఆ స్పందనలను మొదట గుర్తించినది ఎవరో ఆ సభలలో ఎవరైనా చెప్పగా మేము వినలేదు. గుర్తించినది ఒక విద్యార్థిని.

జాస్లిన్ బెల్ 1943లో ఉత్తర ఐర్లాండ్‌లో జన్మించారు. ఆమె బడిలో అబ్బాయిలకు సైన్సు, అమ్మాయిలకు వంటపాఠం. తల్లిదండ్రులు వెళ్ళి గట్టిగా అభ్యంతరం చెప్పిన తరువాతనే ఆమెకు సైన్సు తరగతిలో చోటు దొరికింది. 1965లో డాక్టరేట్ పరిశోధనకై కేంబ్రిడ్జి చేరి, ఆచార్య ఆంటొనీ హ్యూయిష్ పర్యవేక్షణలో తోటివారితో కలిసి రెండేళ్ళు శ్రమించారు. సమ్మెటతో గుంజలు పాతి, తీగలు లాగి, నాలుగున్నర ఎకరాలలో రేడియో టెలిస్కోపును నిలబెట్టారు. 1967లో అది పనిచేయసాగింది. రోజుకు దాదాపు వంద అడుగుల కాగితంపై గీతలు పడేవి. వాటిని ఆమె కంటితోనే పరిశీలించాలి. ఆకాశమంతటినీ ఒకసారి చుట్టివచ్చే నాలుగు వందల అడుగుల కాగితంలో పావు అంగుళం మేర ఒక వింత చెదురు గీత ఆమెకు కనిపించింది. మరొకరైతే దాటవేసేవారే. నవంబరు 28న వేగంగా కాగితం నడిపి చూడగా, ప్రతి 1.33 సెకన్లకు ఒక స్పందన! గ్రహాంతరవాసుల సంకేతమేమోనని పరిశోధకులు పరిహాసమాడుకున్నారు. ఆకాశంలో మరోచోట రెండవదాన్ని కూడా ఆమే కనుగొనడంతో ఆ మాటకు తావు లేకపోయింది. అవి అతివేగంగా తిరిగే న్యూట్రాన్ తారలని తరువాత తేలింది.

1968 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో వెలువడిన వ్యాసంలో ఐదుగురి పేర్లలో ఆమెది రెండవది. 1974లో నోబెల్ బహుమతి హ్యూయిష్‌కూ, మార్టిన్ రైల్‌కూ దక్కింది. ఆమెకు వాటా లేదు. బాధ్యత పర్యవేక్షకునిదే గనుక గౌరవం కూడా ఆయనకే చెల్లుతుందన్నట్లు ఆమె హుందాగా మాట్లాడారు. అది ఆమె పెద్దమనసు. కూలివాని చెమట ఆరకముందే కూలి ముట్టచెప్పాలన్న ప్రవక్త (స) బోధ వింటూ పెరిగిన మనకు మాత్రం ఆ వివరణ మింగుడుపడదు. పరిశోధకునికి కూలి అతని పేరే కదా.

నేడు అమెరికా జాతీయ రేడియో ఖగోళ వేధశాల ఏటా ఒక ఉత్తమ డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి రాబర్ట్ ఎల్. బ్రౌన్ పేరిట పురస్కారం ఇస్తోంది. అది గురువుకు గాక, పరిశోధన చేసిన విద్యార్థికే అందుతుంది. ఇటువంటివి ఎన్ని ఉన్నా తక్కువే.

జాస్లిన్ బెల్ బర్నెల్‌కు 2018లో ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతిగా 30 లక్షల డాలర్లు లభించాయి. ఆ మొత్తాన్ని ఆమె బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌కు అప్పగించారు. మహిళలకు, అల్పసంఖ్యాక వర్గాలవారికి, శరణార్థులకు భౌతికశాస్త్ర పరిశోధనకై ఉపకార వేతనాలు ఇవ్వమన్నారు. ఆమె క్వేకర్ క్రైస్తవురాలు. మన పరిభాషలో అయితే దీనిని సదఖా జారియా అనేవాళ్ళం.

మన ఊళ్ళలో సంఘాలు బడి ఫీజులకూ, పుస్తకాలకూ సాయం చేస్తుంటాయి. సంతోషం. అయితే ఎం.ఎస్సీ. ముగించి మరో ఐదేళ్ళు పరిశోధన చేస్తానని ఒక అమ్మాయి అర్జీ పట్టుకువస్తే, 'పెళ్ళి ఎప్పుడు?' అని అడగకుండా ఆ అర్జీని చివరిదాకా చదివే కార్యదర్శులు ఎందరున్నారు?