వెట్ వైప్స్‌ను టాయిలెట్‌లో వేయవచ్చా?

చంటిబిడ్డలను, మంచం పట్టిన పెద్దలను తుడవడానికి ఇప్పుడు చాలా ఇళ్లలో వెట్ వైప్స్ వాడుతున్నారు. వాడటంలో తప్పులేదు. వాడాక టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయడమే తప్పని నా అభిప్రాయం. ప్యాకెట్ మీద "ఫ్లషబుల్" అని రాసి ఉన్నా సరే.

మామూలు వైప్స్‌లో చాలావాటిలో పాలిస్టర్ పోగులుంటాయి. అది ప్లాస్టిక్, నీటిలో విడిపోదు. ఫ్లషబుల్ రకాన్ని సాధారణంగా కాగితం తయారుచేసినట్టే చేస్తారు. కలప గుజ్జును, పొట్టి విస్కోస్ పోగులను నీటిలో కలిపి, కదిలే జల్లెడ మీద పరచి, నీరు దిగాక సన్నని నీటి ధారలతో కొట్టి పోగులను పెనవేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. తుడిచేటప్పుడు అది చిరగకూడదు, పైపులో మాత్రం విడిపోవాలి. పోగు పొడవు పెంచితే బలం వస్తుంది కానీ విడిపోవడం కష్టమవుతుంది. అందుకే ముందుగా చిన్న యంత్రం మీద కొద్దిగా తయారుచేసి పరీక్షిస్తారు. నీళ్లున్న పెట్టెలో వేసి అటూ ఇటూ ఊపి, జల్లెడలోంచి ఎంత దిగిందో చూస్తారు.

పరీక్ష మంచిదే. కానీ ఆ పెట్టెలో నీరు ఆగకుండా కదులుతుంది. మనమేమో రెండు చెంబుల నీళ్లు పోస్తాం. ఆ వైప్ సెప్టిక్ ట్యాంకుకు చేరి కదలకుండా ఉండిపోతుంది.

పెద్ద నగరాలకూ ఈ బాధ తప్పలేదు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్‌లో వైప్స్, డైపర్లు, వంటనూనె కలిసి మురుగుకాలువలో 250 మీటర్ల పొడవున, దాదాపు 130 టన్నుల ముద్దగా గట్టిపడ్డాయి.

మన దగ్గర పైపు పూడుకుపోతే ఎవరిని పిలుస్తాం? రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా విషవాయువులకు కార్మికులు బలైన వార్తలు ఆగలేదు. మనం పడేసిన వైప్ కోసం మరొక ఇంటి బిడ్డ ప్రాణం పణంగా పెట్టాలా?

"మలం అంటిన దాన్ని చెత్తబుట్టలో వేస్తే రోగాలు రావా?" అని కొందరు అడుగుతారు. కాగితంలో చుట్టి, మూత ఉన్న బుట్టలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో ఉన్నప్పుడు నీళ్లు, మెత్తని నూలుగుడ్డ చాలు. ఆ గుడ్డను ఉతికి ఎండలో ఆరేయవచ్చు.

కంపెనీలు మన చెంబు నీళ్లతో, మన సెప్టిక్ ట్యాంకుల్లో పరీక్షించి చూపాలి. అంతవరకు "టాయిలెట్‌లో వేయరాదు" అని ప్యాకెట్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించాలి. వారు ముద్రించేదాకా ఆగకుండా, ఈ రోజే మీ స్నానాలగదిలో ఒక మూత బుట్ట పెట్టండి.