నీళ్లు తాగిన కొండ

సముద్రం ఒడ్డున పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టేటప్పుడు చూడండి. పొడి ఇసుకతో గూడు నిలవదు. కాస్త తడిగా ఉంటే, పాదం మీద పోసి తట్టి, కాలు మెల్లగా లాగేసినా చెక్కుచెదరదు. అదే గూటి మీదికి ఓ అల వచ్చిందా... చదునైపోతుంది! నిలబెట్టిందీ నీరే, కూల్చిందీ నీరే.

కొండవాలు మీది మట్టి కథా ఇంతే. రేణువుల మధ్య ఖాళీల్లో కొంత గాలి, కొంత నీరు ఉన్నంతకాలం ఆ తడే వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. వాన ఆగకుండా కురిస్తే గాలి బయటికి పోయి ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. ఇక ఆ నీరే రేణువుల్ని ఎడంగా నెట్టడం మొదలుపెడుతుంది. తడిసి బరువెక్కడం వల్లే మట్టి జారుతుందని చాలామంది అనుకుంటారు. బరువూ పెరుగుతుంది కానీ, పట్టు వదిలించేది ముఖ్యంగా ఈ లోపలి ఒత్తిడే. 1920ల్లో దీని లెక్క తేల్చిన ఇంజినీరు కార్ల్ టెర్జాగీ.

అన్ని నేలలూ ఒకేలా నీరు తాగవు. ఇసుక పాలు ఎక్కువైతే నీరు చకచకా దిగుతుంది, చకచకా పోతుంది. కొన్ని గంటల కుండపోత వానే దానికి ముప్పు. బంకమట్టి నెమ్మదిగా తాగుతుంది, వదలడమూ నెమ్మదే. రోజుల తరబడి పట్టిన ముసురు దాని పని పడుతుంది. పైన వదులు మట్టి, కింద గట్టి రాయి ఉన్నచోట మరీ ప్రమాదం. దిగిన నీరు రాతి దగ్గర ఆగిపోయి, పైపొరకు జారుడుబల్ల తయారుచేస్తుంది.

2024 జులై 30 తెల్లవారకముందే కేరళలోని వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండ విరుచుకుపడింది. 250 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు 48 గంటల్లో ఆ కొండల్లో 570 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి కురిసేదే 800 అటూ ఇటూ! హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పిన ప్రకారం, 1,550 మీటర్ల ఎత్తున జారిన నేల 86,000 చదరపు మీటర్లు. ఆ బురద, బండరాళ్లు దాదాపు 8 కిలోమీటర్లు ప్రవహించాయి. అదేచోట పాత చరియ జాడ కూడా ఉంది. ఒకసారి జారిన వాలు మళ్లీ జారదన్న ధీమా పనికిరాదన్నమాట.

అంత ఎత్తు కొండలే అక్కర్లేదు. అదే ఏడాది ఆగస్టు 31న భారీ వానలకు విజయవాడ మొగల్రాజపురంలో చరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు తీసింది. ఇంటికోసమో, రోడ్డుకోసమో కొండ పాదాన్ని తొలిస్తే పైనున్న మట్టికి ఆసరా పోతుంది. మిగతా పని వాన చూసుకుంటుంది.

కొండ పక్కన ఉండేవాళ్లు కొన్ని గుర్తులు కనిపెట్టాలి. నేల మీద, గోడల మీద కొత్త పగుళ్లు, ఒరిగిన కరెంటు స్తంభాలు, ఉన్నట్టుండి బిగుసుకుపోయే తలుపులు, ఎప్పుడూ లేనిచోట నీటి ఊట... వీటిలో ఏది కనిపించినా సామాన్ల కోసం చూడకుండా బయటపడాలి. వాన వెలిసింది కదా అని వెంటనే తిరిగి రాకూడదు. లోపలి నీరు ఇంకా దిగుతూనే ఉంటుంది. జోరువానలో వాగు ఒక్కసారిగా సన్నబడినా సంబరపడొద్దు. పైన ఎక్కడో జారిన మట్టి దానికి అడ్డుపడి ఉండొచ్చు.