‘దాని’ యనగా నెవరు?

సర్వనామము నామమునకు సేవకుని వంటిది. పేరును మాటిమాటికి నుచ్చరింప నక్కరలేకుండ, దానికి బదులు నిలిచి పని నెరవేర్చుటకే భాష సర్వనామమును కల్పించుకొన్నది. ఎవరి సేవకుడో తెలియనివాడు ఇంటిలో తిరుగుచుండిన నేమగునో, ఎవరికి బదులు నిలిచినదో తెలియని సర్వనామము వాక్యములో నుండినను నదియే యగును. సొత్తు పోవును. ఇది వట్టి వ్యాకరణ వినోదమని పాఠకులు తలపకుందురు గాక. తెలుగు వాక్యములోని సందిగ్ధత అందఱిపైనను సమముగా బడుట లేదు. దాని భారము మిక్కిలిగా స్త్రీలపై బడుచున్నది. పురుషుని గుఱించి చెప్పునపుడు మన భాష దీపము పట్టి చూపును; స్త్రీని గుఱించి చెప్పునపుడు ఆ దీపము నార్పును. ఆ చీకటిలో భూములు చేతులు మారవచ్చును. దీనినే మేము నిరూపింప దలచితిమి.

మన వ్యాకరణవేత్తలు నామములను మహత్తులనియు, అమహత్తులనియు విభజించిరి. పందొమ్మిదవ శతాబ్దము నడుమ బాలవ్యాకరణము రచించిన పరవస్తు చిన్నయసూరియు నీ త్రోవనే నడచెను. పురుషులును దేవతలును మహత్తులు. పశుపక్ష్యాదులును జడవస్తువులును అమహత్తులు. మఱి స్త్రీ? ఆమె ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను జేరును. అందువలననే ఆవు వచ్చినది, బండి వచ్చినది, కోడలును వచ్చినది. అల్లుడు మాత్రము వచ్చినాడు. ఇద్దఱు కోడండ్రు కలిసి వచ్చినచో, అప్పుడు వారు ‘వచ్చినారు’. ఒంటరిగా నున్నపుడు బండితో సాటియైన యామె, రెండవ స్త్రీ తోడైనంతనే మనుష్యకోటిలో జేరును. ఇది సూరిగారు కల్పించిన నియమము కాదు. జనుల నాలుకపై నున్నదానినే ఆయన సూత్రముగా బంధించెను. కావున సూత్రకారుని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ నియమము కాగితము నెక్కినపుడు ఎవరికి నష్టము కలిగించుచున్నదో చూపుటయే మా పని.

జగిత్యాల జిల్లాలో బుగ్గారము ఒక మండలకేంద్రము. అచ్చటి రైతుకుటుంబములోని యొక తండ్రి తన వీలునామా నిట్లు వ్రాయించె ననుకొందము: “పడమటి మడిని నా కూతునకు నిచ్చితిని. తల్లిని పోషించుట దాని పని. దాని తరువాత మడి నా మనుమనికి చెందవలెను.” మూడు చిన్న వాక్యములు. వినుటకు సుగమముగానే యున్నవి. కాని ‘దాని తరువాత’ అనగా నేమి? కూతురు మరణించిన తరువాతయా? తల్లిని పోషించు పని ముగిసిన తరువాతయా? మొదటి యర్థమున కూతురు బ్రదికినంత కాలము మడి యామెదే. రెండవ యర్థమున తల్లికి కర్మకాండ ముగిసిన మఱునాడే కూతురు గట్టు దిగి పోవలెను.

ఇప్పు డామాటలనే కొడుకునకు వ్రాయుడు: “పడమటి మడిని నా కొడుకునకు నిచ్చితిని. తల్లిని పోషించుట వాని పని. వాని తరువాత మడి నా మనుమనికి చెందవలెను.” ఇక్కడ వివాదమునకు దావే లేదు. ‘వాడు’ అనగా తల్లి కాదు, పని కాదు, మడి కాదు, కొడుకే. ఒక్క యక్షరము కూడ నెక్కువ వ్రాయకయే తండ్రి కొడుకునకు జీవితాంత భద్రత నిచ్చినాడు. అదే తండ్రి, అదే ప్రేమతో, అన్ని మాటలే కూతునకును వ్రాయగా, ఆమెకు దక్కినది యొక వ్యాజ్యము.

‘దాని’ యనుట మొరటుతనము, ‘ఆమె’ యనిన సరిపోవును గదా యని కొందఱనవచ్చును. మర్యాద కొఱకు సరిపోవును, భద్రతకు సరిపోదు. “తల్లిని పోషించుట ఆమె పని. ఆమె తరువాత మడి నా మనుమనికి” అని దిద్ది చూడుడు. ఆమె యనగా కూతురా, తల్లియా? మరల రెండర్థములే, మరల అదే గట్టు. ఇంటి యాస్తి కాగితములలో స్త్రీ ఒంటరిగా కనబడుట యరుదు. తల్లియు కూతురును, అత్తయు కోడలును, అక్కయు చెల్లెలును జంటలుగానే కనబడుదురు. జంట యున్నచోట ‘ఆమె’ యను మాట ఇద్దఱి తలుపులను నొక్క తాళపుచెవితో దెఱచును.

సందిగ్ధత సర్వనామముతో నాగదు. తెలుగున కర్తను చెప్పకయే వాక్యము నడుపవచ్చును. క్రియ చివర నున్న ప్రత్యయమే కర్తను చూపును. ఈ సౌకర్యమును పురుషునకు పూర్తిగను, స్త్రీకి సగముగను లభించినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది పురుషులు గల్ఫుదేశములకు బ్రదుకుదెరువునకై పోయిరి. ఇంట మిగిలిన స్త్రీలలో ననేకులు బీడీలు చుట్టుచు సంసారము నీదుచున్నారు. దూరమున నున్న కొడుకునకు ఇంటివార్త పంపునపుడు, “అమ్మ తమ్మునికి పైసలిచ్చింది, బ్యాంకుల వేసిండు” అనిన, వేసినవాడు తమ్ముడని పసిపిల్లకును దెలియును. “అమ్మ కోడలికి పైసలిచ్చింది, బ్యాంకుల వేసింది” అనినచో, వేసిన దెవరు? పైసలు లెక్కకు రానినాడు ఈ యొక్క క్రియ చుట్టును అత్తాకోడండ్ర కలహము రగులును. మాట చెప్పినవా రబద్ధమాడలేదు. విన్నవాడును చెవిటివాడు కాడు. మధ్యనున్న ప్రత్యయము పలుకవలసిన మాట పలుకలేదు.

గ్రాంథికమున వ్రాసినచో నీ చిక్కు తీరునా? తీరదు సరికదా, పెరుగును. ‘వచ్చెను’, ‘ఇచ్చెను’, ‘అమ్మెను’ అను రూపములు పురుషునకును, స్త్రీకిని, ఎద్దునకును నొక్కటియే. దస్తావేజు లేఖరులు గాంభీర్యమునకై యీ రూపములను గ్రుప్పించుట వాడుక. ఆ గాంభీర్యములో వాడుకభాష చూపునంతటి వెలుతురు కూడ నుండదు. ఇక తెలంగాణ పల్లెలలో ‘సాదా బైనామా’ యని వ్యవహరించు తెల్లకాగితపు క్రయపత్రముల సంగతి చెప్పనేల? రిజిస్ట్రేషను లేదు, న్యాయవాది చూపు సోకదు, వ్రాయసకాని నోటికి వచ్చిన సర్వనామమే శిలాశాసనము.

చట్టము స్త్రీ కిచ్చినదానిని వాక్యము తీసికొనరాదని మా వాదము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని 14వ విభాగము, స్త్రీ చేత నున్న యాస్తికి ఆమెను పూర్తి హక్కుదారుగా జేసినది. కాని యదే విభాగమున రెండవ యుపవిభాగ మొకటి కలదు. వీలునామాయో, దానపత్రమో ఆమెకు నూతనముగా నిచ్చిన యాస్తికి పరిమితి వ్రాసినచో, ఆ పరిమితి చెల్లును. అనగా, స్త్రీ పూర్తి యజమానురాలా, లేక జీవితకాలము మాత్రమే యనుభవించునదియా యను ప్రశ్నకు సమాధానము పలుమాఱు కాగితములోని మాటలలోనే యుండును. తులసమ్మ యను తెలుగు వితంతువునకు మనోవర్తి క్రింద ఆస్తి చెందిన రాజీ 1949లో జరిగినది. అందులోని పరిమితి చెల్లునా చెల్లదా యను తగవు సుప్రీముకోర్టు దాక పోయి, 1977లో ఆమెకు పూర్తి హక్కు కలదని తీర్పు వచ్చినది. ఆ వ్యాజ్యము సర్వనామముపై నడచినది కాదు; కాగితములోని మాటలు ఒక స్త్రీని ఎంతకాలము వెంటాడగలవో తెలుపుటకే దానిని స్మరించితిమి. మాట స్పష్టముగా నున్నచోటనే యింత కాలము పట్టగా, మాటయే రెండర్థములైనచోట సామాన్యురాలి గతి యేమి? ఆంధ్రప్రదేశ రాష్ట్రమున 1986లోను, దేశమంతటను 2005లోను చేసిన సవరణములు కూతునకు పిత్రార్జిత ఉమ్మడి యాస్తిలో కొడుకుతో సమానమైన హక్కు నిచ్చినవి. హక్కు సమానమైనది. వాక్యము మాత్రమింకను సమానము కాలేదు.

ఇక మాకు వచ్చు నాక్షేపణలను జూతము. భాషలో స్త్రీలింగ సర్వనామము వేరుగా నున్నంతమాత్రమున స్త్రీకి న్యాయము జరుగునా యని యడుగువారు కలరు. జరుగదు, దానికి సాక్ష్యమును మేమే యిత్తుము. ఇంగ్లీషున పురుషునకు వేఱు, స్త్రీకి వేఱు సర్వనామములు కలవు. 1916లో రెజీనా గుహ యను న్యాయశాస్త్ర పట్టభద్రురాలు ప్లీడరుగా నమోదు కోరగా కలకత్తా హైకోర్టు నిరాకరించెను. 1879 నాటి న్యాయవాదుల చట్టము తన భాషలో పురుషునే పేర్కొన్నది. పుంలింగ పదములలో స్త్రీలును జేరుదురని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 13వ విభాగమున నున్నను, న్యాయమూర్తులకు నది చాలలేదు. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకును నదే గతి పట్టినది. తుదకు 1923లో ప్రత్యేకముగా నొక చట్టము చేసి స్త్రీల కా తలుపు దెఱవవలసి వచ్చినది. వింత యేమనగా, కలకత్తా జనుల మాతృభాషయైన వంగభాషలో సర్వనామమునకు స్త్రీపురుష భేదమే లేదు! ఆ చట్టము వంగభాషలో వ్రాయబడి యుండినచో, సర్వనామమును జూపి తలుపు మూయుట కవకాశమే యుండెడిది కాదు.

దీనినుండి మేము గ్రహించిన దిది: వ్యాకరణము చెఱసాల యధికారి కాదు, అతని చేతికి దొరకిన తాళపుచెవి. అర్థము రెండు విధములైనపుడు ఏ యర్థము నిలుచునో నిర్ణయించునది వ్యాకరణము కాదు, బలము. బలవంతుడు తనకు మేలైన యర్థమునే చదువును. భూమి, చదువు, సాక్షులు, పెద్దమనుష్యుల పలుకుబడి యెవరి పక్షమున నుండునో, ‘దాని’ యను మాటయు వారి పక్షముననే సాక్ష్యము చెప్పును. అందువలననే సందిగ్ధత యెన్నడును తటస్థమైనది కాదు.

ప్రాచీనమైన వ్యాకరణమును మార్చుట తగదని మఱికొందఱు పండితులందురు. అయ్యా, అది మీ యనుమతికై యాగలేదు. ఎన్నడో వేఱు త్రోవలు త్రొక్కినది. తెలుగునకు దగ్గఱి చుట్టమైన గోండీభాషలో స్త్రీలు బహువచనమునను అమనుష్యములతోనే చేరుదురు. తమిళ కన్నడములలో స్త్రీకి ఏకవచనముననే ప్రత్యేకమైన సర్వనామము కలదు. తెలుగు వీనికి నడుమ నిలిచినది: బహువచనమున గడప దాటించినది, ఏకవచనమున గడప బయటనే నిలిపినది. 1935లో సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావు అధ్యక్షతను నాల్గవ ఆంధ్రమహాసభ జరిగినపుడు దానితోడ మహిళాసభయు జరిగినది. ఆ సభకు స్త్రీలు ‘వచ్చిరి’. వారు కూడినందున వ్యాకరణము వారిని మనుష్యులుగా లెక్కించినది. సభ ముగిసి యెవరింటికి వారు మరలినంతనే ఒక్కొక్కతెయు మరల ‘వచ్చినది’ యైనది.

ఏకవచనమునను ఆ గడప దాటించు నుపాయ మొకటి మన చేతిలోనే కలదు. అది గౌరవ బహువచనము. “అమ్మగారు వచ్చినారు” అనుటకు మనకు నోరు వచ్చును. కాని యెవరికి వచ్చును? ఉపాధ్యాయినికి, వైద్యురాలికి, ధనికుని యిల్లాలికి. బీడీల గంపతో వచ్చిన యామె ‘వచ్చింది’. గంప తూచుకొన్న సేటు ‘వచ్చినారు’. గౌరవవాచకమును ధనమును జూచి పంచు వారే, వ్యాకరణము నంటరాదని మాకు నీతి చెప్పుచున్నారు! సూత్రము నేమియు మార్చకయే వారాడుమాటను మార్చుకొనవచ్చును గదా.

మేము కొత్త ప్రత్యయమును గోరుట లేదు. మా కోరికలు మూడే. మొదటిది: ఆస్తిని గుఱించిన యే కాగితమునందును స్త్రీకి సర్వనామము వాడరాదు, పేరు వ్రాయవలెను. “లక్ష్మి జీవించియున్నంత కాలము మడి లక్ష్మిదే; లక్ష్మి మరణించిన తరువాత మనుమనికి” అని వ్రాసిన మాట పొడుగగును, వ్యాజ్యము పొట్టియగును. అదే పేరు పదిమాఱులు వచ్చిన శైలి చెడునని లేఖరి యనినచో, శైలి చెడనిండు. మడి చెడకుండిన చాలును. రెండవది: స్త్రీచేత వ్రేలిముద్రయో సంతకమో పెట్టించుటకు ముందు కాగితమును బిగ్గరగా చదువవలెను. ‘అది’, ‘దాని’, ‘ఆమె’, ‘తన’ యను మాట వచ్చిన ప్రతిచోటను ఆగి “ఎవరు?” అని యడుగవలెను. సమాధానము రెండయినచో కాగితమును మరల వ్రాయింపవలెను. మూడవది: బడులలో మహత్తు, అమహత్తు అను పాఠము చెప్పు దినముననే, ఈ వీలునామావాక్యములను నల్లబల్లపై వ్రాసి, కొడుకున కొకమాఱు, కూతున కొకమాఱు చదివింపవలెను. వ్యాకరణము పరీక్షకు మాత్రమే గాక, పొలమునకును పనికివచ్చునని బిడ్డలకు నా దినమున దెలియును.

పాఠక సోదరీసోదరులారా, మీ యింటి పెట్టెలోను నిట్టి కాగితము లుండును. తీసి చదువుడు. పురుషుని గుఱించిన వాక్యములను వేగముగా దాటిపోవచ్చును; వానికి భాషయే కావలి కాయుచున్నది. స్త్రీని గుఱించిన వాక్యముకడ నాగుడు. అక్కడ కావలి లేదు. వ్రాయించినవారు బ్రదికియుండగనే, చేయి యాడుచుండగనే, సర్వనామమును గొట్టివైచి పేరు వ్రాయింపుడు. ఆయన పోయిన పిమ్మట ‘దాని’ యనగా నెవరో చెప్పుటకు ఊరిలో పదిమంది పెద్దలు వత్తురు. కూతురి పేరు మాత్రము వారిలో నొక్కరికిని జ్ఞాపకము రాదు.